కింది వాటాకి వినబడేలా

పై వాటా గుమ్మంలో రిటైరైన మాస్టారు, కింది వాటా అమ్మాయి. మధ్యన చాప మీద మాస్టారి కుక్క.

"మళ్ళీ కుక్క గురించేనా తల్లీ?"

"కుక్క గురించే మాస్టారూ."

"ఇంకేం చెయ్యను చెప్పు. వీధిలోకి చూసి మొరుగుతోందంటే కిటికీకి తెర కట్టాను. ఒళ్ళలవక మొరుగుతోందంటే పొద్దున్నే దాని వెనకాల పరిగెడుతున్నాను. నోరు మూసుకున్నప్పుడల్లా బిస్కెట్టు పెట్టమన్నావు, పెట్టాను. వారంగా ఒక్క కూత లేదు."

"అదే మాస్టారూ."

"అదే అంటే?"

"ఒక్క కూత లేదు."

"నువ్వడిగిందదేగా. మా ఆవిడ పోయాక ఈ ఇంట్లో నాతో మాట్లాడేది అదొక్కటే. దాని నోరూ మూయించాను."

"తప్పయింది. మళ్ళీ మొరిగించండి."

"ఏమిటీ?"

"పక్షవాతం వచ్చాక అమ్మకి మాట పడిపోయింది కదా. నేను పిలిచినా పలకదు, డాక్టరడిగినా పలకదు. మీ కుక్క మొరిగితే మాత్రం తిట్టేదట. పగలు చూసుకునే ఆయా నిన్న చెప్పింది."

"ఏమని తిట్టేది?"

"మొదట్లో 'ఛీ' అని. తర్వాత 'ఛీ వెధవా'. ఆఖరికి 'నీ నోరు పడ' దాకా వచ్చిందట."

"బాగా కోలుకుంటోందే."

"కోలుకునేది. కుక్క మానేసింది, అమ్మా మానేసింది. ఇలాగే ఉంటే వచ్చిన ఆ నాలుగు మాటలూ పోతాయంటున్నాడు డాక్టరు."

"అయ్యో. ఒరేయ్, మొరుగు. మొరగరా నాన్నా."

"తోకాడిస్తోంది మాస్టారూ."

"బిస్కెట్టు కోసం. మూసుకుంటే పెడతానని నేర్పింది నేనేగా, ఇప్పుడెందుకు తెరుస్తుంది?"

"బెల్లు కొట్టి చూడనా?"

"కొట్టు."

"ఊహూఁ. ఇంకా బుద్ధిగా కూర్చుంది."

"పోనీ, నువ్వటు తిరుగు తల్లీ."

"ఎందుకూ?"

"తిరుగమ్మా. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన గొంతు. నువ్వు చూస్తుంటే రాదు... భౌ."

"మాస్టారూ..."

"వినపడిందంటావా?"

"ఏమో. కిటికీ దగ్గరికొచ్చి, కాస్త గట్టిగా."

"భౌ. భౌ భౌ."

"ఆగండాగండి. అమ్మ."

"తిడుతోందా?"

"ష్. ఇటొచ్చి వినండి."

"మా... మాస్టారూ... కుక్కకి... ఒంట్లో బాలేదా?"