మూడో రోజు పని

భద్రాచలంలో పొదుపు, బీమా పథకాలు చూసే చిన్న ఆఫీసు. ఖమ్మం నుంచి వచ్చిన ఇంజనీరు కంప్యూటర్లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తున్నాడు. పల్లెలు తిరిగి తిరిగి అలసిన గుమాస్తమ్మ పక్కనే కూర్చుని, వాచిన పాదాలను చెప్పుల్లోంచి బయటికి తీసింది.

“పాలసీ ఉన్నోళ్లు చనిపోయిండ్రని కొడితే చాలు మేడం, ఏ రోజు ఎవరు ఏ పని చెయ్యాల్నో ఇదే పంచుతది. మూడో రోజు మీరు వాళ్లింటికి పోయి క్లెయిమ్ కాగితం మీద సంతకం తేవాలె.”

“మూడో రోజా? దినాలు కాకముందు అడవి ఊర్లల్ల పైసల మాట ఎత్తరు బిడ్డా.”

“దినాలెప్పుడు చేస్తరు?”

“చుట్టాలందరు కలిసినప్పుడు. ఒక్కోసారి పంట ఇంటికొచ్చేదాక ఆగుతరు.”

“తేదీ లేకుంటే ఇది ఒప్పుకోదు. గడువు దాటితే ఆ పని తెర మీద ఎర్రగయితది, హెడ్డాఫీసోళ్లు మిమ్మల్నే అడుగుతరు.”

ఆమె కళ్లజోడు తీసి కళ్లు నులుముకుంది.

“సరే, మూడో రోజే ఉంచు. సంతకం మాత్రం తీసెయ్యి. దినాలైనంక ఆ పని నేనే పెట్టుకుంట.”

“మరి మూడో రోజు ఏం పనని రాయాలె?”

“పోయి వాళ్ల దగ్గర కాసేపు కూసోవాలె అని రాయి.”

“గది పనెట్లయితది మేడం?”

“ఇరవై ఏండ్ల సంది నేను చేసిన పనల్లా గదే.”