రెండో పీట కోయకముందే పడిన సీలు

నా పేరు బొడ్డేపల్లి గురునాథరావు. తండ్రి పేరు కీర్తిశేషులు అప్పలస్వామి. వయసు డెబ్బై ఒకటి. భిలాయి ఉక్కు ప్లాంటులో రైలు పట్టాలు చేసే మిల్లులో ముప్పై ఆరేళ్ళు పనిచేసి దిగిపోయాను. ఎనిమిది పాసు, తొమ్మిది ఫెయిలు. ఆ తర్వాత చదివినవన్నీ మిషన్ల మాన్యువళ్ళు, పకోడీ పొట్లాల కాగితాలు. స్వస్థలం శ్రీకాకుళం జిల్లా, ప్రస్తుత నివాసం భిలాయి స్మృతి నగర్. వృత్తి అన్న చోట హెడ్ కానిస్టేబుల్ దుర్గారావు గారు "రిటైర్డ్" అని రాశారు. కొట్టేసి "రంపం మిషను తయారుచేయువాడు" అని రాయమన్నాను. అలా రాస్తే నేరం ఒప్పుకున్నట్టే అన్నారు. కనుక రిటైర్డ్.

ఈ వాంగ్మూలం 2026 ఫిబ్రవరి 9, సోమవారం, ఉదయం 11 గంటల 5 నిమిషాలకు పోలీసు చౌకీలో మొదలైంది. ఎస్సై రజనీకుమారి గారు అడుగుతున్నారు, నేను చెబుతున్నాను, దుర్గారావు గారు రాస్తున్నారు. ఎస్సై గారి తాత టెక్కలి నుంచి రైల్వే పనికి వచ్చినవాడు. ఆమెకు తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. "దాదాజీ, హిందీలో చెప్పండి, జల్దీ అయిపోతుంది" అన్నారు. కూరగాయలు కొనడానికి నా హిందీ చాలునని, వాంగ్మూలానికి చాలదని చెప్పాను.

నా మీద వచ్చిన ఫిర్యాదు రెండు విషయాలది. లైసెన్సు లేకుండా ఇంటి వెనక కలప కోసే మిల్లు నడుపుతున్నానని ఒకటి. ఆదివారం ఉదయం సైరన్ మోగించి వీధిని భయపెట్టానని రెండోది. మొదటిదానికి నా దగ్గర జవాబు ఉంది. రెండోది చేశాను.

సెక్టర్ 4లో మేమున్న క్వార్టరు పెరట్లో 1984లో ఒక మామిడి మొక్క నాటాం. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేశాం, చెట్టు అక్కడే ఉండిపోయింది. 2025 జూన్ 11, బుధవారం, సాయంత్రం 5:40కి గాలివానకు అది పడిపోయింది. ఇప్పుడు ఆ క్వార్టరులో ఉన్నవాళ్ళు ముందు టౌన్‌షిప్ ఆఫీసుకు కాకుండా మాకు ఫోను చేశారు. నేను, నా భార్య నూకాలమ్మ ఆటోలో వెళ్ళాం. మా మనవరాలు కృష్ణప్రియ పదిహేనేళ్ళు వచ్చేవరకు ఆ చెట్టు కొమ్మల మీదే పరీక్షలకు చదువుకుంది. పాసయింది కూడా. నూకాలమ్మ పడిన చెట్టు మీద చెయ్యి వేసి, "పిల్ల పెళ్ళిపీటలు దీంతోనే సెయ్యాల. ఇంక మరేటీ సెప్పకండి" అంది.

మొదలు దుంగను టౌన్‌షిప్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి కొన్నాను. రసీదు దీనికి జతచేశాను. కృష్ణప్రియ పెళ్ళి ఈ ఫిబ్రవరి 20న.

దుంగను ట్రాలీలో వేసుకుని నాలుగు మిల్లులు తిరిగాను. నలుగురూ కోసేది లేదన్నారు. ఇళ్ళ మధ్య పెరిగిన చెట్టులో మేకులుంటాయని, మేకు తగిలితే రంపం పళ్ళు పోతాయని వాళ్ళ భయం. అది న్యాయమైన భయం. నూకాలమ్మ ముప్పై ఏళ్ళలో ఆ చెట్టుకు బట్టల తీగ కోసం, చిలక పంజరం కోసం, వినాయక చవితి మైకు కోసం మేకులు కొట్టింది. మూడు రోజులు కూర్చుని ఉలితో పదకొండు మేకులు తీశాను. మళ్ళీ వెళ్ళాను. నాలుగో మిల్లు యజమాని, "బాబూజీ, పదకొండు తీశారంటే పన్నెండోది ఉందన్నమాటే" అన్నాడు. మిల్లులో పనిచేసినవాణ్ణి, ఆ లెక్క కాదనలేకపోయాను.

ఇంటికొచ్చి దిగులుగా కూర్చుంటే కృష్ణప్రియ ఫోనులో వెతికింది. "అరే తాతా, ఇంట్లోనే మిల్లు కట్టుకోవచ్చంట! ప్లాన్ అమ్ముతున్నారు, దేఖో!" అంది. ఎవరో దూరదేశపు రైతు. గడ్డం, టోపీ, పక్కన కుక్క. అరవై నాలుగు పేజీల ప్లాను. కృష్ణప్రియ కొనిపెట్టింది. పవర్ హౌస్ బజారులో జిరాక్సు షాపులో అచ్చు వేయించాం. షాపువాడు పదిహేడో పేజీ తలకిందులుగా కుట్టాడు. ఆ పేజీలో పైచక్రం, కిందచక్రం బిగించే పద్ధతి ఉంది. అందువల్ల మాకు తొమ్మిది రోజులు నష్టం.

ఎస్సై గారు విషయానికి రమ్మన్నారు. వస్తున్నాను.

మిషను ఇలాంటిది. పాత స్కూటరు చక్రాలు రెండు, వాటి మీద బెల్టులా తిరిగే పట్టీ రంపం, తిప్పడానికి మోటారు. ఇవన్నీ ఒక బండి మీద ఉంటాయి. దుంగ కదలదు. బండి రెండు పట్టాల మీద దొర్లుతూ వచ్చి దుంగను కోసుకుంటూ పోతుంది. రంపం వేడెక్కకుండా సెలైను సీసాలోంచి నీళ్ళు చుక్క చుక్కగా పడతాయి. సీసా ఆలోచన నూకాలమ్మది.

ఆగస్టు మొదటి వారం నుంచి జనవరి చివరి దాకా కట్టాం. కట్టాం అంటే నేను, మా పక్కింటి సూర్యప్రకాష్. ఆయన బ్లాస్ట్ ఫర్నేసులో వెల్డరుగా చేసి రిటైరయ్యాడు. నలభై ఏళ్ళ స్నేహం, ఒకరినొకరం బావా అనుకుంటాం. ప్లానులో పట్టాలకు సన్నటి ఇనుప యాంగిలు కమ్మీ చాలని ఉంది. సూర్యప్రకాష్ అది చదివి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"బావా, ముప్పయ్యారేళ్ళు దేశం మొత్తానికి పట్టాలు సేసినోడివి. నీ ఇంట్లో పట్టాలకి ఈ అగరొత్తి పుల్లలేటి? సిగ్గు నేదా?"

"ప్లానులో అలాగే ఉంది బావా."

"ఆ గెడ్డమోడికి ఏటి తెలుసు? ఆడెప్పుడైనా ఫర్నేసు సూసినాడా?"

ప్లానులో పట్టాల కింద అడ్డకమ్మీలు రెండు. మేము పదకొండు వేశాం. ఆ రైతు వచ్చి చూస్తే రైలుబండి ఎన్ని గంటలకని అడిగేవాడు. ఆ ఆరు నెలలు నేను ఉదయం ఆరింటికే లేచి, ఎవరూ చెప్పకుండా స్నానం చేసి, టిఫిను తిని పెరట్లోకి వెళ్ళేవాణ్ణి. బీపీ మాత్ర సగానికి తగ్గించారు. ఇది కేసుకు సంబంధం లేదని దుర్గారావు గారు అన్నారు. నాకు సంబంధం ఉంది, రాయమన్నాను.

ఇక సైరన్ సంగతి. ప్లాను నలభై ఒకటో పేజీలో, మిషను వేసే ముందు చుట్టుపక్కలవాళ్ళను హెచ్చరించాలని ఉంది. ఆ రైతు ఉద్దేశం ఒక కేక వేయమనే అయి ఉంటుంది. కానీ మా మిల్లులో రోలర్లు తిరిగే ముందు మూడు పొడుగు కూతలు కూయాలి. కూత లేకుండా స్విచ్చి నొక్కినవాడికి మెమో. ముప్పై ఆరేళ్ళలో నేను కూత లేకుండా ఏ మిషనూ వేయలేదు. ఇంట్లో మిక్సీ వేసే ముందు కూడా "జరగండి" అంటాను. అందువల్ల పవర్ హౌస్‌లో పాత సామాన్ల కొట్టులో ఒక హూటరు కొని గోడకు బిగించాను. సూర్యప్రకాష్‌కు చెప్పలేదు. తెల్లారి పిలిచి, మొదటి కోత ఆయన చేతే వేయించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. నా తప్పు ఇక్కడే ఉంది.

మా వీధిలో ఇరవై రెండు ఇళ్ళు. పదిహేడు ఇళ్ళలో ప్లాంటులో చేసి దిగిపోయినవాళ్ళే ఉన్నారు. ఫిబ్రవరి 8, ఆదివారం, ఉదయం 7:10కి నేను మూడు కూతలు కూశాను.

మొదటి కూతకు కాకులు లేచాయి. రెండో కూతకు తలుపులు తెరుచుకున్నాయి. మూడో కూతకు సూర్యప్రకాష్ వీధిలోకి వచ్చాడు. తల మీద హెల్మెట్. కాళ్ళకు ఇనుప ముక్కు బూట్లు. మధ్యలో లుంగీ. చేతిలో ఖాళీ టిఫిను క్యారియరు. గేటు పక్కన గోడ వెంట వెతుకుతూ, "నా సైకిలేదిరా! ఎవుడు తీసినాడు నా సైకిలు? షిఫ్టుకి టైమైపోనాది!" అని అరిచాడు. ఆ సైకిలును ఆయన 2011లో అమ్మేశాడు.

వెనకాలే కోడలు పద్మశ్రీ పరుగెత్తుకొచ్చి, "మావయ్యా, మీరు రిటైరయి పన్నెండేళ్ళయింది. అందర్ ఆయియే, లోపలికి రండి" అంది.

వీధి నవ్వింది. అందరికంటే ఎక్కువ నేను నవ్వాను. గోడ పట్టుకుని నవ్వాను. ఆపి, ఆయన బూట్లు చూసి మళ్ళీ నవ్వాను. మొత్తం నాలుగు నిమిషాలు. సూర్యప్రకాష్ హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని నా వైపు చూశాడు. "నవ్వు బావా, నవ్వు" అని లోపలికి వెళ్ళిపోయాడు. మేడమ్ గారు, సూర్యప్రకాష్ రాసిన ఈ ఫిర్యాదు మిషను మీద కాదు. ఆ నాలుగు నిమిషాల మీద. ఆయన చోట నేనున్నా రాసేవాణ్ణే.

ఆయన కోసం ఆగకుండా 7:25కి మోటారు వేశాను. 7:41కి మొదటి పలక దిగింది. రెండడుగుల వెడల్పు, అంగుళమున్నర మందం, మీగడలా నున్నగా ఉంది. మధ్యలో రూపాయి బిళ్ళంత నీలి మచ్చ, మేకు ఉండిన చోట. నూకాలమ్మ దాని మీద వేలు పెట్టి, "ఇది సిలక పంజరానిది" అంది. పెరడంతా పొట్టు వాసన. కృష్ణప్రియ జుట్టు నిండా పొట్టు. ఉద్యోగంలో లక్షల టన్నుల ఉక్కు నా ముందు నుంచి పోయింది. నాది అనుకుని ముట్టుకున్నది ఈ పలకే.

8:20కి పోలీసు జీపు వచ్చింది. మోటారు స్విచ్చి డబ్బాకు గుడ్డ చుట్టి, లక్క ముద్ర వేశారు. అటవీ శాఖవారు వచ్చి చూసే వరకు ముట్టకూడదన్నారు. అది ఎన్ని రోజులో ఎవరికీ తెలియదు. దుంగ మిషను మీదే ఉండిపోయింది. పీటకు ఒక పలక, పలకను చిత్రిక పట్టి పీట చేయడానికి వడ్రంగికి పది రోజులు. ఈ రోజు గడిస్తే పెళ్ళికి ఒక పీటే ఉంటుంది. మనవరాలు పీట మీద, పెళ్ళికొడుకు జితేంద్ర ప్లాస్టిక్ కుర్చీలో. మేడమ్ గారు, లైసెన్సు అక్కర్లేదని నేను వాదించడం లేదు. నేను అమ్మడానికి కోయలేదు. ఇంకొక్క కోత కావాలి. అంతే.

ఇక్కడికి ముగించి సంతకం పెట్టబోతుండగా, మధ్యాహ్నం 12:50కి, సూర్యప్రకాష్ చౌకీలోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ప్యాంటు. నా వైపు చూడలేదు. తర్వాత జరిగినది కూడా ఎస్సై గారి అనుమతితో ఇందులోనే చేరుస్తున్నాను.

ఎస్సై గారు ఆయనను ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారా అని అడిగారు.

"తీసుకోను. రాసింది రాసినాను. ఇంకో కాయితం ఇవ్వండి."

"ఎందుకు అంకుల్?"

"ఆ మిషను వెల్డింగు నాది. ప్రతి జాయింటూ నాదే. కేసులో ఈయన పేరొక్కటే ఉంటే రేపొద్దున్న తనొక్కడే కట్టీసినానని సెప్పుకుంటాడు. నన్నూ రాసుకోండి. ముద్దాయి నంబరు రెండు."

"బావా..." అన్నాను.

"నువ్వు మాటాడకు. హూటరు పెట్టినోడివి నాకొక్క ముక్క సెప్పినావా? సెప్పుంటే నానే కూసీవోణ్ణి కదా!"

ఆయన కోపం నవ్వు మీద అనుకున్నాను. కాదు. తనను పిలవకుండా మిషను మొదలుపెట్టాననే. ఆరు నెలలు పక్కన కూర్చుని పనిచేసినవాడికి ఆశ్చర్యం అవసరం లేదు, కబురు చాలు. చౌకీలో అందరి ముందూ ఆయనకు క్షమాపణ చెప్పాను. "సర్లేవోయ్" అన్నాడు. ఆయన దగ్గర అంతకంటే పెద్ద మాట ఉండదు.

ఎస్సై గారు పెన్ను మూత పెట్టారు. తర్వాత, "అటవీ శాఖకు పంపే రిపోర్టులో మిషను ఏం పని చేస్తుందో, ఎంత కోస్తుందో నేను రాయాలి. దేఖే బినా కైసే లిఖూఁ? చూడకుండా రాయలేను కదా. నడిపి చూపించండి. ఒకే ఒక్క కోత. తర్వాత మళ్ళీ సీల్" అన్నారు.

సాయంత్రం 4:30కి జీపులో మా ఇంటికి వచ్చాం. దుర్గారావు గారు ముద్ర పగలగొట్టారు. హూటరు కూయలేదు. బదులుగా సూర్యప్రకాష్ వీధిలో ఇరవై రెండు గేట్లూ తట్టి, "మిషను ఏస్తన్నాం, రండి" అని చెప్పి వచ్చాడు. అందరూ వచ్చారు. స్విచ్చి ఆయన వేశాడు. బండి నేను తోశాను. సగం దూరంలో బండి బరువనిపిస్తే కృష్ణప్రియ వచ్చి పక్కన పట్టుకుంది. సెలైను సీసా చుక్క నూకాలమ్మ చూసుకుంది. 4:52కి రెండో పలక దిగింది. పదకొండు అడ్డకమ్మీల్లో ఒక్కటీ చప్పుడు చేయలేదు. సూర్యప్రకాష్ పలకకు చెంప ఆనించి మట్టం చూసి, "గెడ్డమోడు పనికొచ్చీవోడే" అన్నాడు. ఎస్సై గారు పలక మీద పొట్టును అరచేత్తో తుడిచి చేయి వాసన చూసుకున్నారు. ఇది రాయనవసరం లేదని ఆమె అన్నారు. దుర్గారావు గారు అప్పటికే రాసేశారు.

అటవీ శాఖవారు మిషను ఉంచమంటే ఉంచుతాం, విప్పమంటే విప్పుతాం. ఏ బోల్టు ఎటు తిరుగుతుందో మా ఇద్దరికే తెలుసు. రెండు పలకలూ 5:05కి వడ్రంగి సైకిలు రిక్షాలో వెళ్ళిపోయాయి. తిరిగి సీలు వేయడానికి చౌకీవారి దగ్గరి లక్క సరిపోలేదు. నూకాలమ్మ పగిలిన పాత ముద్ర ముక్కలు కలిపి వంటింట్లో గరిటెలో కాచి, పొగలు కక్కుతుండగా తెచ్చి ఇచ్చింది. ముద్ర చల్లారే వరకు గుడ్డ జారకుండా ఒక కొస నేను, ఒక కొస సూర్యప్రకాష్ పట్టుకుని నిలబడ్డాం.

దుర్గారావు గారు ఇదంతా నాకు చదివి వినిపించారు. బెదిరించి చెప్పించిన మాట ఇందులో ఒక్కటీ లేదు. ఆపమన్నా ఆపకుండా చెప్పినవి చాలా ఉన్నాయి. అన్నీ నిజాలే, నాకు తెలిసి చెప్పినవే.

సంతకం: బొడ్డేపల్లి గురునాథరావు
9-2-2026, సాయంత్రం 5:40, స్మృతి నగర్

తనను కూడా చేర్చాలని కోరినందున, వెల్డింగు వరకు బాధ్యుడు: సూర్యప్రకాష్ (సంతకం)