కాలి కింద చెక్క ఉంది: శ్రీమతి డార్కస్ పెన్‌రోజ్ గారి వీడ్కోలు వేళ

1986వ సంవత్సరం సెప్టెంబరు తొమ్మిదవ తేదీన, పెన్సిల్వేనియాలోని మన ఫెర్న్‌హిల్ స్వస్థతా నిలయంలో మనోచికిత్సకురాలిగా బాధ్యతలు స్వీకరించిన శ్రీమతి డార్కస్ పెన్‌రోజ్ గారు, ఆ ఉదయం చేసిన మొట్టమొదటి పని తమ గదిలోని కుర్చీల స్థానం మార్చడం. ఆశ్రయించి వచ్చినవారికీ తలుపుకూ నడుమ తాము అడ్డంగా కూర్చోరాదన్నది వారి నియమం. భయపడినవారికి ముందుగా కావలసింది ఓదార్పు కాదనీ, బయటికి వెళ్లే దారి కంటికి కనబడడమనీ వారి విశ్వాసం. ఆ ఏర్పాటు ఫలితంగా వారి కుర్చీ కిటికీ పక్కకు చేరింది. చలికాలమంతా వీపుకు గాలి కొడుతున్నా శాలువా కప్పుకుని కూర్చున్నారే తప్ప, కుర్చీని అంగుళమైనా జరపలేదు.

ఫిలడెల్ఫియాలో మనస్తత్వ శాస్త్రం అభ్యసించి, అక్కడి ఆసుపత్రిలో కొన్నేళ్లు పనిచేసి వచ్చిన డార్కస్ గారు పుట్టుకతో క్వేకర్లనే క్రైస్తవ శాఖకు చెందినవారు. ప్రవచనమూ పాటా లేకుండా అందరూ కలిసి మౌనంగా కూర్చోవడమే ఆరాధనగా గల కుటుంబంలో పెరిగినవారు. చదివిన శాస్త్రాన్నీ, పెరిగిన సంప్రదాయాన్నీ ఒక్క గదిలో కూర్చోబెట్టిన ఘనత వారిదే. మన నిలయంలో ప్రతి చికిత్సా మౌనంతో మొదలై మౌనంతో ముగియడం, ఆ మౌనాన్ని ఎవరో ఒకరు కరచాలనానికి చేయి చాచి ముగించేదాకా రెండవవారు పెదవి కదపకపోవడం, వారు నెలకొల్పిన మర్యాదలు. ఈ మర్యాదను మనవారు ఎంత నిష్ఠగా పాటించారంటే, ఒకసారి వంటగదిలో పాలు పొంగి పొయ్యి మీద పడుతుంటే ఇద్దరు విద్యావంతులు కళ్లు తెరిచి చూసి, మళ్లీ మూసుకున్నారు.

ఆ రోజుల్లో మన వాకిలి తొక్కినవారంతా ఏదో ఒక భయాన్ని వెంటబెట్టుకుని వచ్చినవారే. టెలిఫోను మోగితే వణికిపోయే వితంతువు, దీపం ఆర్పితే ఊపిరాడని ఉపాధ్యాయుడు, తన చేతులే తనను ఏం చేస్తాయోనని జేబుల్లోనుంచి తీయని యువకుడు, అందరూ ఆ కిటికీ ఎదుట కూర్చున్నవారే. భయాన్ని తరిమివేస్తానని డార్కస్ గారు ఎవరికీ మాట ఇవ్వలేదు. భయం వచ్చినప్పుడు కాలి కింద ఏముందో పైకి చెప్పమని మాత్రం అడిగేవారు. నేల ఉంటే నేల, తివాచీ ఉంటే తివాచీ. ప్రాణం గాలిలో తేలిపోతున్నవారిని భూమికి దించడానికి వారు ఎంచుకున్న ఉపాయం అది.

ఇక ఇక్కడ వారి జీవితంలోని ఒక ఘట్టాన్ని, వారి అనుమతితోనే, ప్రస్తావించవలసి ఉన్నది.

మన మాసికారాధన ఏటి అవతలి ఒడ్డున ఉన్న సమావేశ మందిరంలో జరుగుతుందన్నది అందరెరిగినదే. డార్కస్ గారు ఉద్యోగంలో చేరింది మొదలు ఏళ్లతరబడి ఒక్క నెలా దానికి రాలేదు. ఆ దినం వారు ఏకాంత సాధనలో ఉంటారని ఎవరో అన్నారు, మిగిలినవారు నమ్మారు. కాదని చెప్పకుండా వారు చిరునవ్వు నవ్వి ఊరుకున్నారు. వారిని ఆదర్శంగా తీసుకుని మరి ఇద్దరు ముగ్గురు కూడా ఏకాంతం ప్రారంభించడంతో, మందిరంలో కాచిన మొక్కజొన్న సూపు మిగిలిపోతున్నదని వడ్డనవారు విసుక్కున్నారు.

నిజం వేరు. డార్కస్ గారికి ఆరేళ్ల వయసులో, వరద పొంగిన ఒక సాయంత్రం, తండ్రిగారి కారు వంతెన మధ్యలో ఆగిపోయింది. నీళ్లు తలుపుల దాకా వచ్చాయి. తండ్రిగారు పిల్లలను దగ్గరకు తీసుకుని, కళ్లు మూసుకుని, మౌనంలోకి వెళ్లారు. కాసేపటికి ఎవరో తాళ్లు వేసి అందరినీ క్షేమంగా లాగారు. కాని ఆ పసిమనసు ఒక్కటే గ్రహించింది: పెద్దవాళ్లు మౌనం వహించారంటే చావు దగ్గర పడిందని. అటుపై మౌనమే ఆరాధనగా గల ఇంట్లో, ప్రతి ఆరాధనలోనూ, ఆమె దేవుని కోసం కాక నీటి చప్పుడు కోసం చెవి రిక్కించి కూర్చుంటూ పెద్దదయింది. మందిరానికి వెళ్లే వంతెననే కాదు, ఏ వంతెననూ కాలినడకన దాటలేదు. తప్పనిసరి అయితే భర్తగారు కారు నడుపుతుండగా తమ ఒళ్లో తామే తల దాచుకునేవారు. ఈ సంగతి ఆయనకు తప్ప మరెవరికీ తెలియదు.

1998 శీతాకాలంలో ఎవరెట్ స్టోల్జ్ గారు మన నిలయానికి వచ్చారు. బడి బస్సు నడిపేవారు. మంచు పేరుకున్న ఒక ఉదయం ఆ బస్సు జారి, ముందు చక్రాలు వంతెన గోడ దాటి గాలిలో వేలాడాయి. పిల్లలందరినీ వెనుక తలుపు గుండా దించి తానే ఆఖరున దిగారు. ఊరు ఆయనను మెచ్చుకుంది, ఆయన మాత్రం ఆ తరువాత ఏ వంతెన మీదా అడుగు వేయలేకపోయారు. ఆయన భార్య నాడీన్ గారికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. రక్తశుద్ధికి, అంటే డయాలిసిస్‌కు, ఆమె వారానికి మూడుసార్లు అవతలి ఒడ్డు ఆసుపత్రికి ఇరుగువారి కారులో వెళ్లేవారు. ఈయన ఇవతలి ఒడ్డున నిలబడి ఆ కారు కనుమరుగయ్యేదాకా చూసేవారు. ఆమె అక్కడే పోతే, తాను ఇక్కడే ఉండిపోతే? ఆయనను తినివేస్తున్న ప్రశ్న ఇదొక్కటే.

గదిలో చేయగలిగినదంతా చేశాక, ఇక మిగిలింది వంతెనే. చికిత్సకురాలు పక్కన నడవక తప్పదు. ఆ మార్చి నెలంతా డార్కస్ గారికి తిండి సయించలేదు. ఎవరెట్ గారిని మరొకరికి అప్పగించడానికి కారణాలు వెతికారు, మర్యాదైన కారణాలు చాలానే దొరికాయి. నాడీన్ గారు నిలయం మెట్ల మీద చతికిలబడి ఆయాసం తీర్చుకోవడం ఒకనాడు చూశాక వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

అనుకున్న రోజున, పట్టపగలు, ఇద్దరూ పైకప్పూ పక్కగోడలూ ఉన్న మన పాత చెక్క వంతెనలోకి అడుగు పెట్టారు. బయట ఎండ, లోపల మసక. పలకల సందుల్లోనుంచి నల్లగా కదిలే నీరు. కరుగుతున్న మంచుగడ్డలు వచ్చి స్తంభాలను ఢీకొన్నప్పుడల్లా వంతెన అరికాళ్లలో మూలిగేది. మధ్యకు వచ్చేసరికి ఎవరెట్ గారు ఆగిపోయారు. డార్కస్ గారూ ఆగిపోయారు. ఇద్దరూ కళ్లు మూసుకున్నారు.

ఇక్కడ జరిగిన పొరపాటు మనవాళ్లకే సాధ్యం. డార్కస్ గారు ఆరాధనలోకి వెళ్లారని ఎవరెట్ గారు భావించారు. చేయి చాచి ముగించవలసింది కూడా ఆవిడేనని మర్యాదగా నిలబడ్డారు. ఎవరెట్ గారు ధైర్యం కూడగట్టుకుంటున్నారని, ఆయనే చేయి చాస్తారని డార్కస్ గారు నిలబడ్డారు. భయంతో కొయ్యబారిన ఇద్దరు మనుషులు ఒకరి ప్రశాంతతను ఒకరు గౌరవించుకుంటూ ఎంతసేపు నిలిచారో వారికే తెలియదు. డార్కస్ గారికి కారు తలుపుల దాకా నీళ్లు వచ్చాయి. తండ్రిగారి ఊపిరి వినబడింది. ఈసారి తాళ్లు వేసేవారెవరూ లేరు. పెద్ద గడ్డ ఒకటి తగిలి వంతెన ఒక్కసారి ఊగింది. ఆమె నోరు తెరిస్తే కేక వస్తుందని పళ్లు బిగించారు.

అవతలి ఒడ్డున నాడీన్ గారు, ఆసుపత్రి నుంచి తిరిగివస్తూ, పొరుగావిడ కారు ఆపించి ఎదురుచూస్తున్నారు. ఎంతకీ ఎవరూ రాకపోయేసరికి ఆమె గొంతు వంతెనలోకి వచ్చింది.

"ఏమయ్యా, అక్కడే కాపురం పెట్టారా? నాకిక్కడ చలేస్తోంది."

ఎవరెట్ గారు కదలలేదు. మౌనం భంగపరచకూడదు గదా. అప్పుడు డార్కస్ గారు కళ్లు తెరిచారు. చేయి చాచారు.

"ఎవరెట్ గారూ, నేను ప్రార్థనలో లేనండీ. నాకు భయంగా ఉంది. కాళ్లు రావడం లేదు."

ఎవరెట్ గారు ఆ చేతి వంక, ఆమె ముఖం వంక మార్చి మార్చి చూశారు. "అయ్యో, మీరు దేవుడితో మాట్లాడుతున్నారని నేను గట్టిగా ఊపిరైనా తీసుకోలేదండీ." తరువాత, మొదటిరోజు ఆవిడ తనను అడిగిన ప్రశ్ననే, ఆవిడ అడిగిన గొంతుతోనే అడిగారు. "ఎన్నాళ్లనుంచి ఈ భయం?"

"ఆరేళ్లప్పటి నుంచి."

"అమ్మో. నాది మొన్నటిదేనండీ, మీ ముందు నేనెంత." ఆయన ఆమె చేయి వదలలేదు. "సరే. కాలి కింద ఏముందో చెప్పండి."

"నీళ్లు."

"నీళ్లు తరువాత. ముందు ఏముంది?"

"చెక్క." మళ్లీ చెప్పారు. "చెక్క ఉంది."

"నా కాలి కిందా చెక్కే ఉంది. పదండి, ఇంకో చెక్క చూద్దాం."

అలా ఒక్కొక్క పలకకు పేరు పెట్టుకుంటూ, చెక్క, మేకు, చెక్క అనుకుంటూ, ఇద్దరూ వెలుతురులోకి వచ్చారు. నాడీన్ గారు భర్తను ముట్టి చూసుకుని, ఫ్లాస్కులో కాఫీ ఇద్దరికీ పోసి, ఫీజు ఎవరు ఎవరికి ఇవ్వాలో తేల్చుకోమన్నారు. ఆ తరువాత గాని, నిలయానికి తిరిగి వెళ్లడానికి మళ్లీ అదే వంతెన దాటాలని డార్కస్ గారికి తట్టలేదు. దాటారు.

మరునాటి సిబ్బంది సమావేశంలో వారు తమ ఏకాంత సాధన అసలు కథ అందరికీ చెప్పి, తమకంటే వయసులో చాలా చిన్నవారైన చికిత్సకులు శ్రీ ఏమస్ టిల్ఫర్డ్ గారిని తమకు చికిత్స చేయవలసిందిగా కోరారు. ఏమస్ గారికి ఆ వారమంతా నిద్ర లేదు. భయస్థురాలు భయస్థులకు వైద్యం చేయడమేమిటని యాజమాన్యంలో కొందరు కలవరపడ్డారు. జరిగింది మరొకటి. వచ్చేవారు పెరిగారు. ఆధ్యాత్మికత పేరిట దాగిన భయం కూడా భయమేననీ, పైకి చెప్పుకోనిదే మౌనం ఔషధం కాదనీ వారి ద్వారా మనమందరం తెలుసుకున్నాం. మౌనానికి ముందు ప్రతివారూ తమ భయాన్ని ఒక్క మాటలో పైకి చెప్పుకునే ఆచారం అప్పుడు పుట్టినదే.

2005లో వారు మన నిలయానికి సంచాలకులయ్యారు. ఎందరో యువ చికిత్సకులను తీర్చిదిద్దారు. ఎవరెట్ గారు మళ్లీ బస్సు నడపలేదు గాని, తన కారులో భార్యను తానే ఆసుపత్రికి తీసుకువెళ్లారు. వంతెన దాటిన తరువాతి మూడవ శీతాకాలంలో నాడీన్ గారు కన్నుమూసినప్పుడు ఆయన అవతలి ఒడ్డున, ఆమె మంచం పక్కన, ఆమె చేయి పట్టుకుని ఉన్నారు.

డార్కస్ గారి భయం పూర్తిగా పోయిందని ఈ వ్యాసం చెప్పబోవడం లేదు. చెబితే వారే ఖండిస్తారు. వరద రోజుల్లో నేటికీ వారి ముఖం పాలిపోతుంది. నేటికీ దాటుతారు. ఈ 2019 జూన్ మాసాంతాన వారు పదవీ విరమణ చేయనుండగా, వీడ్కోలు సభ అవతలి ఒడ్డునే ఏర్పాటు కావడం వారి కోరిక మీదనే. తోడు వస్తానని ఎవరెట్ గారు ఇప్పటికే కబురు పంపారు.

వారు లేని ఆ కిటికీ గదిని తలచుకుంటే ఇక్కడ అందరికీ భయంగా ఉన్నది. వారు నేర్పిన ఆచారం ప్రకారం ఆ మాట ముందుగా పైకి చెప్పుకున్నాం. వారికి చలిగాలి సోకని కుర్చీ, దిటవైన మోకాళ్లు, నిండైన ఆరోగ్యం, మనవల మధ్య సుదీర్ఘమైన ఆయుష్షు లభించాలని మనసారా కోరుకుంటున్నాం. వీడ్కోలు నాటి మౌనాన్ని చేయి చాచి ముగించవలసింది వారే. దయచేసి ఆ చేయి కాస్త ఆలస్యంగా చాచమని విన్నపం. అంతదాకా మా కాలి కింద చెక్క ఉందని చెప్పుకుంటూ ఉంటాం.