ఉతికిన దుప్పటి

ఎండకు మైదానం పెనంలా కాలుతోంది. గడ్డికి నీళ్లు పడుతున్న ముసలాయన దగ్గరికి ఒకామె వచ్చింది. పదిరోజుల క్రితం ఇక్కడే పరుగుపందెంలో పడిపోయి, ఆ సాయంత్రమే చనిపోయిన పిల్లకు తల్లి ఆమె. చేతిలో మడతపెట్టిన దుప్పటి ఉంది.

“మీదేగా బాబాయ్? ఉతికి తెచ్చాను.”

“ఇంత ఎండలో ఎందుకొచ్చావమ్మా?”

“పడిపోయాక మా పిల్ల ఏమైనా మాట్లాడిందా?”

“‘చలేస్తోంది తాతా’ అంది. ఒళ్లు కాలిపోతోంది, మనిషేమో వణికిపోతోంది. జ్వరమనుకుని ఇదే కప్పాను.”

“వడదెబ్బట. వెంటనే నీళ్లు పోసి ఒళ్లు చల్లార్చి ఉంటే బతికేదేమో అన్నారు డాక్టరుగారు.”

“నాకూ తర్వాత చెప్పారమ్మా. రోజూ పరుగయ్యాక ‘నీళ్లు గడ్డికేనా తాతా, నాకు పొయ్యవా?’ అని నన్ను ఏడిపిస్తూ పైపు కింద తల పెట్టేది. ఆ రోజొక్కటే అడగలేదు.”

“పైపు దూరంగా ఉందేమో...”

“నా చేతిలోనే ఉంది తల్లీ. పిల్ల తడుస్తుందని అవతలికి తిప్పాను.”

ముసలాయన తల ఎత్తలేదు.

“నేను దగ్గరున్నా అదే చేసేదాన్ని బాబాయ్. చలేస్తోందంటే ఏ తల్లి నీళ్లు పోస్తుంది?”