సాక్ష్యం చెప్పినంక

హలో… ఆ బిడ్డా, నేనే, అమ్మను. ఎత్తినవ్, అదే చాలు…

దవాఖానల ఉన్న… నాకేం గాలే. నీ తమ్ముణ్ణి మళ్ల చేర్చుకున్నరు… ఆ, అదే మెంటల్ వార్డు. ఎల్బీ నగర్ చౌరస్తాల బస్సులకు అడ్డం మోకాళ్ల మీద కూసోని ప్రార్థన చేస్తున్నడట. పోలీసోళ్లు తోల్కొచ్చిర్రు.

…గోలీలా? సాక్ష్యం చెప్పిన కాడి నుంచి ముట్టుకుంటలేడు, జాస్మిన్…

మన చర్చిలనే. మైకు పట్టుకొని, "దేవుడు నన్ను బాగుచేసిండు" అన్నడు. అందరు చప్పట్లు కొట్టిర్రు. నేను గూడ కొట్టిన. ఎంత మురిసిన్నో…

— పాస్టరయ్యను అనకు. ఆయన ఆపమనలే. "మందులు గూడ దేవుడిచ్చినయే, మింగు నాయనా" అని ఇంటికొచ్చి మరీ చెప్పిండు. వీడు ఇంటే గదా. "బాగైన అని చెప్పి మళ్ల గోలీ మింగితే అబద్ధ సాక్ష్యం అయితది గదమ్మా" అన్నడు… ఏం చెప్పాలె దానికి?

…నేనెట్ల కావలుండాలె బిడ్డా? పొద్దుగాల దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ల వంటకు పోతే చీకటి పడ్డంకనే ఇల్లు చూసుడు. గోలీ నాలిక కింద దాస్కొని, నేను గడప దాటంగనే ఉమ్మేస్తడు.

విను. దగ్గర కూసోని మింగిచ్చే మనిషి ఇంట్ల ఉంటే వీడు మంచిగుంటడట. డాక్టరమ్మ చెప్పింది. లేకుంటే గిట్లనే, ఒచ్చుడు, పోవుడు…

అందుకే… జర కొన్ని దినాలు, మీ సైదాబాద్‌ల…

…తెలుసు. పిల్లలున్నరు… అల్లుడు స్టీవెన్ వద్దంటడు, అదీ తెలుసు… వాడు ఎవర్నన్న ఒక్క దెబ్బ కొట్టిండా బిడ్డా?

…మా ఓనరా? "పిలగాడు ఒస్తే ఇల్లు ఖాళీ చెయ్యుండ్రి" అన్నడు. మీర్‌పేట్ల అందరికి ఎర్కైంది. కిరాయికి ఎవరిస్తరింక?

…నిన్ను తిడ్తలేను. నీ సంసారం నీది. మునిగెటోడు పక్కోన్ని పట్టుకుంటే ఇద్దరు మునుగుతరు, నాకు తెల్వదా…

ఒక్క మాట వానితోని మాట్లాడు. లోపల వార్డుల ఉన్నడు. "అక్క ఒస్తదా" అని పొద్దటిసంది ఒకటే అడుగుడు. లోపలికి పోయి ఇస్తున్న…

హలో… జాస్మిన్?… బిడ్డా…

…ఏం లేదు సుమన్, సిగ్నల్ పోయింది… ఆ, ఒస్తదట. తీస్కపోతదట… నిజంగనే. ఏదీ, నోరు తెరువు… మింగు.