ఎర్ర చారల ప్యాంట్లు

“ఆమడ దూరం నుంచే కనబడతాయిరా ఈ ఎర్ర చారలు! ఇక్కడ కాల్చండని గీత గీసి ఇచ్చినట్టుంది.”

యుద్ధం మూడో ఏడు, జర్మనీలో ఒక వంటిల్లు. కొత్తగా జనరల్ అయిన కొడుకు లోపలి లాగుతో నిలబడ్డాడు. తల్లి ఒళ్లో అతని ప్యాంట్లు రెండూ, చేతిలో కత్తెర ఉన్నాయి.

“రెండింటివీ విప్పేశావా? జనరల్ అనడానికి గుర్తే అవి కదమ్మా!”

“గుర్తుపట్టకూడదనే విప్పాను.”

“గంటలో కవాతు. ఇలా వెళ్తే నన్ను వంటవాడనుకుంటారు.”

“అనుకోనీ. వంటవాణ్ణి ఎవరూ కాల్చరు.”

“జనరల్‌నీ కాల్చరమ్మా. నేనుండేది పది మైళ్ళు వెనక, మ్యాపుల ముందు. తూటా అక్కడిదాకా రాదు.”

“ఆ మాట ముందే చెబితే, లెఫ్టినెంటుగా ఉన్నప్పుడే జనరల్‌వి అయిపొమ్మనేదాన్ని కదరా!”

అతను పకపకా నవ్వాడు. ఆమె సూదిలో దారం ఎక్కించి ఒక ప్యాంటుకు చారలు తిరిగి కుట్టడం మొదలుపెట్టింది.

“అయితే కందకాల దగ్గరికి ఎప్పుడూ వెళ్ళవుగా? ఒట్టేసి చెప్పు.”

నవ్వు ఆగింది. పొయ్యి మీద బార్లీ కాఫీ పొంగిపోయింది. ఆమె ఒక కాలి చార చివరిదాకా కుట్టేసింది. రెండో కాలిదీ అయిపోయింది.

“ఈ ఒక్క ప్యాంటు చాలమ్మా,” అన్నాడు చివరికి. “రెండోది చారలు లేకుండానే ఉండనీ.”