పోలికను దాని చోట నిలిపిన జయశీల గారు

1972 ఆగస్టు పద్నాలుగవ తేదీన కాటేదాన్‌లోని మన పాత షెడ్డులో టైపిస్టుగా చేరిన శ్రీమతి జయశీల గారు, ఈ 1998 జూన్ ముప్పయ్యవ తేదీన కొత్తూరు కర్మాగారం కార్యాలయ పర్యవేక్షకురాలిగా పదవీ విరమణ చేస్తున్నారు. శంషాబాద్‌లో బడిపంతులుగా పేరుపొందిన తోమాసు గారి కుమార్తె కావడంతో ఆంగ్ల వ్యాకరణం ఆమెకు ఇంట్లోనే అబ్బింది.

1984లో సంస్థ కొత్తూరుకు తరలినప్పుడు సహోద్యోగులు పలువురు దూరమని మానుకోగా, ఆమె మాత్రం రోజూ బస్సెక్కి వచ్చి, ఉత్తర ప్రత్యుత్తరాల బాధ్యతను ఒంటిచేత్తో నిర్వహించారు.

1993 వేసవిలో జరిగిన సంగతిని ఇక్కడ స్మరించుకోకుంటే ఈ అభినందన అసంపూర్ణమే. కరెంటు పోయి తిరిగి వచ్చిన క్షణాన, పక్కపక్కనే పనిచేస్తున్న ముగ్గురిలో సత్తయ్య అనే కార్మికుని మోటారు ఒక్కటే కాలిపోయింది. కరెంటు పోగానే స్విచ్ ఆపకపోతే అలా జరిగే ప్రమాదం ఉంటుంది. సూపర్‌వైజరు మల్లేశ్వర్ గారు విచారించి, 'సత్తయ్య డిడ్ నాట్ స్విచ్ ఆఫ్ ద మోటార్ లైక్ ది అదర్స్' అని నివేదిక రాశారు. దాని ఆధారంగా సత్తయ్యను తొలగించే ఉత్తర్వు టైపు చేయడానికి జయశీల గారి బల్ల మీదికి వచ్చింది. జతపరిచిన వాంగ్మూలంలో సత్తయ్య చెప్పిన మాట తెలుగులోనే ఉంది: "అందరి లెక్కనే నేను గూడ బంద్ చెయ్యలే."

ఆమె చేతులు మీటల మీదే ఆగిపోయాయి. పై అధికారి తప్పు చూపితే ఏమవుతుందోనన్న భయం లేకపోలేదు. అయినా కాగితాలు పట్టుకుని మేనేజరు గారి గదిలోకి వెళ్లి, నివేదికలో కామా లేక అర్థం మారిందని, ఉత్తర్వు ఆపమని కోరారు.

"ఒక్క కామా కోసం ఉత్తర్వు ఆపమంటారా అమ్మా?" అన్నారాయన.

"కామా ఒక్కటే కాదు సార్. 'లైక్ ది అదర్స్' అన్న పోలిక చివర పడ్డది. అందరు బంద్ చేసిన్రు, ఈయనొక్కడే చెయ్యలేదన్నట్టు వస్తున్నది. దాన్ని వాక్యం ముందుకు తెచ్చి కామా పెడితే, ఎవ్వరూ చెయ్యలేదని వస్తది. సత్తయ్య చెప్పింది గదే."

మేనేజరు గారు వెంటనే సత్తయ్య పక్క మోటార్ల మీద పనిచేసిన తక్కిన ఇద్దరు కార్మికులనూ పిలిపించారు. "మేం గూడ చెయ్యలే సార్. బంద్ చెయ్యాలని మాకెవ్వరు చెప్పలే," అని వారు ఒప్పుకున్నారు. ఉత్తర్వు రద్దయింది, కరెంటు పోగానే గంట కొట్టే పద్ధతి ఆ వారమే మొదలైంది.

సాయంత్రం సత్తయ్య వచ్చి, "ఏంది మేడం, గంత చిన్న గీతల నా నౌకరి ఉన్నదా?" అన్నాడు.

"గీతల కాదు సత్తయ్యా. నువ్వు నిజం చెప్పినవు. నేను దాన్ని దాని జాగల పెట్టిన, గంతే."

మల్లేశ్వర్ గారు నొచ్చుకున్నారేమోనని ఆమె వారం రోజులు కలత చెందారు. ఎనిమిదో రోజున ఆయనే తమ కొత్త నివేదిక తెచ్చి, "జర చూడుండ్రి అక్కా," అని ముందు పెట్టారు. నాటి నుంచి శనివారాలు భోజన విరామంలో ఆమె బల్ల చుట్టూ ఓ చిన్న తరగతి నడిచింది. పోలిక ఎవరిని ఎవరితో కలుపుతున్నదో చూడకుండా సంతకం చేయరాదన్న జాగ్రత్త మనందరికీ అలవడింది అక్కడే.

వచ్చే సోమవారం నుంచి శంషాబాద్‌లో తమ చర్చి వెనుక గదిలో ఆమె ఆంగ్ల తరగతి ప్రారంభిస్తున్నారు. ఇప్పటికే పదకొండు మంది పేర్లిచ్చారు. వారిలో మొదటి పేరు మన క్యాంటీనులో వంట చేసే, నలభై ఆరేళ్ల మసర్రత్ గారిది. ఆ గదిలో పలకలు నిండుగా, కంఠస్వరం ఖంగుమంటూ, కంటిచూపు చల్లగా, జయశీల గారు నూరేళ్లూ ఆరోగ్యంగా పాఠం చెబుతూనే ఉండాలని మనందరి ఆకాంక్ష.